మూడు చొక్కాల సంచి

మా నాన్న ఏం చేస్తాడని బళ్ళో ఎవరైనా అడిగితే నా గొంతులో పచ్చి వెలక్కాయ పడేది. తక్కిన పిల్లల నాన్నలు జూట్ మిల్లులోనో, కోర్టులోనో, పెదపాడు అవతల చేపల చెరువుల మీదో పనిచేసేవారు. మా నాన్న టీవీలో క్విజ్‌లు ఆడేవాడు. అదీ ఒక పనేనని ఈ లోకంలో ఒప్పుకున్న మనిషి మా అమ్మ ఒక్కతే. "మావారు పోటీలకి వెళ్తారండి" అని పక్కింటావిడతో చెప్పేటప్పుడు ఆమె గొంతు వింటే, మావారు కలెక్టరాఫీసుకి వెళ్తారండి అంటున్నట్టే ఉండేది.

అంతకుముందు ఆయనకి అందరిలాంటి ఉద్యోగమే ఉండేది. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీ లైబ్రరీలో అసిస్టెంటు. మేముండేది ఏలూరు పవర్‌పేటలో. పొద్దున్నే స్టేషనుకి నడిచి వెళ్ళి పాసింజరు ఎక్కేవాడు, సాయంత్రం పాసింజర్లో దిగేవాడు. కాలేజీలో ఎవరూ ముట్టని పుస్తకాలన్నీ తనే చదివేవాడు. షూటింగులకి సెలవులు పెట్టీ పెట్టీ చివరికి ఒక రోజు ప్రిన్సిపాలు గారు "లైబ్రరీయో, టీవీయో, ఏదో ఒకటి తేల్చుకోండి" అన్నారట. పెదపాడు దగ్గర బళ్ళో టీచరు చేసే అమ్మ సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న క్యారేజీ మూత కూడా తియ్యకుండా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. "తేల్చేసుకున్నానోయ్" అన్నాడు. అమ్మ చెప్పులు విప్పుతూ "సరేనండి. అన్నం తినలేదేం?" అంది. అంత పెద్ద సంగతి అంతటితో అయిపోయింది. ఆమె స్థానంలో నేనుంటే ఇల్లు పీకి పందిరేసేదాన్ని.

వాళ్ళిద్దరి పిలుపుల సంగతి ఇక్కడే చెప్పాలి. అమ్మ ఆయన్ని "ఏవండీ" అనేది, అందరాడవాళ్ళలాగే. ఆయన ఆమెని పేరుపెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. "ఏమోయ్" అనేవాడు. వంటింట్లో ఉన్నా, వీధి చివర ఉన్నా, చర్చిలో ఆడవాళ్ళ వరసలో ఉన్నా ఆ "ఏమోయ్" తనకేనని అమ్మకి తెలిసేది. ఇంకెవరూ తిరిగి చూసేవారు కాదు.

నాన్న పుట్టింది కలిదిండి దగ్గర కొల్లేటి పల్లెలో. క్విజ్ పిచ్చి అక్కడి చర్చిలోనే పట్టుకుంది. సండే స్కూలు పిల్లలకి బైబిలు వాక్యాల మీద పోటీ పెట్టేవారట. పాస్టరుగారు ప్రశ్న అడుగుతారు, తెలిసినవాడు ముందున్న ఇత్తడి గంట మోగించాలి. గెలిచినవాడికి సబ్బుపెట్టె. "పాస్టరుగారు ప్రశ్న పూర్తిచేసేదాకా కూర్చుంటే గంట పక్కవాడిదైపోద్ది. ప్రశ్న తల కనబడగానే తోక ఎక్కడుందో మనకి తెలిసిపోవాలి" అనేవాడు నాన్న. ఆ విద్యే ఆయన్ని టీవీదాకా తీసుకెళ్ళింది. యాంకరు "భారతదేశంలో అతి..." అనేలోపు బజర్ మోగేది. ప్రశ్న సగంలో ఆగిపోయేది, నాన్న జవాబు చెప్పేవాడు, అది సరైనదయ్యేది. చూసేవాళ్ళకి గారడీలా ఉండేది. ఇంట్లో మాత్రం ఆ గుణంతో చచ్చేవాళ్ళం. నేను "నాన్నా, రేపు స్కూల్లో..." అంటే చాలు, "ఫీజా? అమ్మనడుగు" అనేవాడు. నేను చెప్పబోయింది డాన్సు సంగతి అయినా సరే.

షూటింగుకి వెళ్ళే ముందురోజు మా ఇంట్లో ఇస్త్రీ పెట్టె వేడెక్కేది. టీవీవాళ్ళు ఒక్క రోజులోనే మూడు రోజుల ఎపిసోడ్లు తీసేస్తారు. గెలిచినవాడు పక్కకి వెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చి కూర్చుంటే అది మర్నాడు అయిపోతుంది. మళ్ళీ గెలిస్తే ఇంకో చొక్కా, ఇంకో మర్నాడు. అందుకని అమ్మ మూడు చొక్కాలు మడతలు పెట్టి సంచిలో సర్దేది. నీలంది పైన, గళ్ళది మధ్యన, తెల్లది అడుగున. ఆయన హైదరాబాదునించి తిరిగొచ్చాక ఏమైందని ఎవరూ అడిగేవారు కాదు. అమ్మ సంచి విప్పేది. తెల్ల చొక్కా కూడా నలిగి, కాలరుకి పౌడరు అంటి ఉంటే ఆ పూట బజారునించి కొరమీను వచ్చేది. కింది రెండూ మడత విప్పకుండా ఉంటే అమ్మ వాటిని అలాగే బీరువాలో పెట్టేసి "స్నానానికి నీళ్ళు పెట్టానండి" అనేది. ఆ పెట్టడంలో ఆమె చప్పుడు కూడా చేసేది కాదు.

ఓడినా గెలిచినా ఒక పని మాత్రం తప్పేది కాదు. స్నానం చేసి వచ్చి, ఆ రోజు అడిగిన ప్రశ్నలన్నీ వరసగా అమ్మకి అప్పజెప్పేవాడు. తనకి వచ్చినవీ రానివీ, పక్కవాళ్ళని అడిగినవీ. ఆ మనిషికి అలాంటి జ్ఞాపకం ఉండేది. అమ్మ అవన్నీ విని, మర్నాటినించి భోజనాల దగ్గర తిప్పి తిప్పి అడిగేది. ఒకసారి తప్పినది రెండోసారి తప్పకూడదు, అదీ వాళ్ళ పద్ధతి. టీచరు గొంతుతో ఆమె అడుగుతుంటే ఆయన ముద్ద చేతిలో పట్టుకుని చెప్పేవాడు. ఆయన తప్పితే ప్రశ్న పక్క సీటుకి వచ్చేది. పక్క సీటు నాది. నేను సరిగ్గా చెప్తే బోనస్. బోనస్ అంటే నాన్న కంచంలో ఉన్న వేపుడు చేపముక్క. ఆయనే తన చేత్తో తీసి నా కంచంలో వెయ్యాలి.

నేను వేపుడు చేప కోసం ప్రాణం పెట్టేదాన్ని. అందుకని తెలియనప్పుడు ఆయన పాస్ అంటే బావుండునని కాచుకుని కూర్చునేదాన్ని. తప్పు చెప్పడానికి ఆయన బోలెడు సేపు ఆలోచించేవాడు, ఈలోగా ముక్క చల్లారిపోయేది. "పాస్ అనొచ్చుగా నాన్నా" అని ఒకసారి ఏడుపుమొహం పెట్టాను. ఆయన నవ్వలేదు. "తప్పు చెప్తే మార్కు పోద్ది అమ్మలూ. పాసంటే మనిషి పోతాడు" అన్నాడు. టీవీలోనూ అంతే, ఇంట్లోనూ అంతే. పాస్ అన్న మాట ఆయన నోటినించి నేను వినలేదు. ఎన్ని చల్లారిన ముక్కలు తిన్నానో నాకే తెలుసు.

అలా ఆడుతూ ఆడుతూ నాన్న పేరున్నవాడయ్యాడు. ఒక చానల్లో ఒకసారి ఆడినవాడిని మళ్ళీ కొన్నాళ్ళదాకా రానివ్వరు. ఈలోగా మీసం తీసేసి ఇంకో చానల్‌కి వెళ్ళేవాడు. స్టూడియోల్లో ఆయన్ని "ఏలూరుగారు" అనేవారట. మా ఇంట్లో మిక్సీలు, హాట్‌బాక్సులు, గోడ గడియారాలు అన్నీ గెలిచినవే. నా పెళ్ళికి వచ్చినవాళ్ళు బహుమతులు ఇస్తుంటే మా అమ్మ, దండిగా ఉన్న మా హాట్‌బాక్సుల్ని వచ్చినవాళ్ళకే తిరుగు బహుమతిగా పంచింది. పెళ్ళయ్యాక నేను పెద్ద దూరం పోలేదు. రొయ్యల మేత అమ్మే ఆఫీసులో లెక్కలు రాస్తాను, మా ఆయనదీ ఊళ్ళో ఉద్యోగమే. మేం పై వాటాలో, అమ్మా నాన్నా కింద.

తర్వాత కాలం మారింది. క్విజ్‌లలో సినిమావాళ్ళు కూర్చోవడం మొదలుపెట్టారు. ప్రశ్నలు కూడా ఎవరి పెళ్ళికి ఎవరు ఏం కట్టుకున్నారన్న దాకా వచ్చాయి. నాన్నకి పిలుపులు తగ్గాయి. పైగా ఆయన నేర్చుకున్న జవాబులు చెడిపోవడం మొదలైంది. జిల్లాలు విడగొట్టినప్పుడు మా ఇంట్లో జరిగిన గందరగోళం ఇంతా అంతా కాదు. కృష్ణా జిల్లాలో ఉన్న కలిదిండి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. మా అమ్మ పుట్టిల్లు నల్లజర్ల తూర్పుగోదావరికి పోయింది. "పెళ్ళినాటికి ఆవిడది పశ్చిమగోదావరి, నాది కృష్ణా. కదలకుండా కూర్చుంటే ఇద్దరివీ మారిపోయినాయి" అని నాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు.

ఆయన ఆఖరి షో ఆ రోజుల్లోనే. పాత ఆటగాళ్ళని పిలిచి పెట్టిన పోటీ అది. మేమంతా కింద వాటాలో టీవీ ముందు కూర్చున్నాం. యాంకరు "పశ్చిమగోదావరి జిల్లా కేంద్రం..." అనేసరికి బజర్ మోగింది. "ఏలూరు" అన్నాడు నాన్న. జిల్లా కేంద్రం అప్పటికే భీమవరం అయింది. ఆ సంగతి మాకు రోజూ ఇంట్లో చెప్పి నవ్వించినవాడు ఆయనే. ఏలూరు మనిషి ఏలూరు దగ్గర బోల్తాపడ్డాడని వీధివాళ్ళు రెండు రోజులు ఆటపట్టించారు. మేమూ నవ్వాం. తొందరపాటనుకున్నాం. ఊళ్ళో సగం మంది ఇప్పటికీ మనది పశ్చిమగోదావరే అంటారు కదా.

ఆ తర్వాత ఒక్కొక్కటీ కనబడ్డాయి. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం ఎవరికైనా ఉండేదే. పాలు పొయ్యి మీద కాకుండా బీరువాలో పెట్టడం ఎవరికీ ఉండదు. నేను బలవంతాన ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కుర్ర డాక్టరు, మెత్తగా మాట్లాడే మనిషి. "కొన్ని ప్రశ్నలు అడుగుతానండి, తేలికైనవే" అన్నాడు. ప్రశ్నలు అనగానే నాన్న కుర్చీలో నిటారుగా అయ్యాడు. కుడిచెయ్యి బల్ల మీదికి వచ్చింది, బజర్ ఉండే చోటికి. చూస్తే నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది.

ఇవాళ ఏ వారం? ఏ నెల? మనం ఏ జిల్లాలో ఉన్నాం? వందలోంచి ఏడు తీస్తూ పొండి. గడియారం బొమ్మ గీయండి. నేను మూడు మాటలు చెప్తాను, చెంబు, గొడుగు, నిమ్మకాయ, కాసేపాగి అడుగుతాను. జిల్లా దగ్గర నాన్న పశ్చిమగోదావరి అన్నాడు. నెల తప్పాడు. కాసేపాగి అడిగినప్పుడు మూడు మాటల్లో ఒక్కటీ రాలేదు. పాస్ అనలేదు. నోరు తెరిచి, వెతుక్కుని, వెతుక్కుని, "చెట్టు" అన్నాడు. "గిన్నె" అన్నాడు. మూడోదాని కోసం ఆయన తడుముకుంటుంటే చూడలేక డాక్టరు గోడకేసి తిరిగాడు.

"ఒక్కసారికే ఏమీ చెప్పలేమండి. నెలాగి మళ్ళీ చూద్దాం. అప్పుడూ ఇలాగే ఉంటే స్కానింగు తీయించి మందులు మొదలుపెడదాం" అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చాక నాన్న స్నానం చేసి వచ్చి అమ్మ ఎదురుగా కూర్చున్నాడు. నేను పైకి వెళ్ళిపోయాను. ఏం మాట్లాడుకున్నారో వినలేదు.

నెలాగి వెళ్ళాం. ఈసారి అమ్మ కూడా వచ్చింది. నాన్న తెల్ల చొక్కా వేసుకున్నాడు. వారం, తేదీ, నెల, సంవత్సరం, ఏలూరు జిల్లా, అన్నీ తడుముకోకుండా చెప్పాడు. ఏడులు తీసుకుంటూ కిందిదాకా వెళ్ళాడు. గుండ్రటి గడియారం గీసి ముళ్ళు పెట్టాడు. "చెంబు, గొడుగు, నిమ్మకాయ." డాక్టరు తేలిగ్గా నవ్వాడు. "పోయినసారి బెంగ మీద ఉండి ఉంటారండి. నిద్ర సరిగ్గా లేకపోయినా అలా అవుతుంది. ఇప్పుడు బాగానే ఉన్నారు" అన్నాడు. నేను బయటికొచ్చి మా ఆయనకి ఫోను చేసి ఏడ్చాను. సంతోషంతోనే. ఆ సాయంత్రం అమ్మ కొరమీను తెప్పించింది. నాన్న తిని, "ఈ డాక్టరు ప్రశ్నలు బావుంటాయోయ్, సినిమాల గోల ఉండదు" అన్నాడు.

ఆ కొరమీను మాకు ఎంత ఖరీదు పడిందో ఏడాది తిరగ్గానే తెలిసింది. ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా తెలియని నంబరునించి ఫోను వచ్చింది. "ఏవండీ, టీవీ క్విజ్ మాస్టారి అమ్మాయిగారేనాండీ? తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లోంచి మాట్లాడుతున్నానండి" అన్నాడు ఒక పెద్దమనిషి. నాన్న ఆయన కొట్టు ముందు బస్తాల మీద కూర్చున్నాడట. హైదరాబాదు షూటింగుకి టైమైపోతోంది, బండి ఎక్కడ అని అడుగుతున్నాడట. "నేను ఆరి షోలన్నీ చూసేవోడినండి. మనిషి మాకు తెలుసండి, ఆయనకే తెలీట్లేదు" అన్నాడు. జేబులో అమ్మ పెట్టిన చీటీ మీద నా నంబరు దొరికిందట.

నేను బస్సు దిగి ఆ కొట్టుకి వెళ్ళేసరికి ఉల్లిపాయల ఘాటులో జనం గుండ్రంగా నిలబడి ఉన్నారు. మధ్యలో నాన్న. ఆ కొట్టాయన, నేను వచ్చేదాకా మనిషి లేచి వెళ్ళిపోకుండా ఉండాలని ప్రశ్నలు అడుగుతున్నాడు. అడిగినవన్నీ నాన్న చెప్తున్నాడు. ఏ దేశం రాజధాని ఏదో, ఏ నది ఎక్కడ పుట్టిందో, అన్నీ. జనం చప్పట్లు కొడుతున్నారు. ఒళ్ళో సంచి. తెరిచి చూశాను. మూడు చొక్కాలు, తనే మడత పెట్టినట్టున్నాడు, ఉండలు చుట్టినట్టు ఉన్నాయి. హైదరాబాదుకి పోవలసిన రైలు ఒకవైపు, ఆయన ఎక్కింది ఇంకోవైపు. ఎన్నో ఏళ్ళు ఉద్యోగానికి ఎక్కిన బండే ఎక్కాడు. కాళ్ళకి గుర్తున్నది మనిషికి లేదు. ఆ చప్పట్ల మధ్య నాకు తల కొట్టేసినట్టయింది. నాన్న నన్ను చూసి "వచ్చావా అమ్మలూ, మేకప్ అయిపోయింది" అన్నాడు.

మర్నాడే ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నేను జరిగింది చెప్పాను. డాక్టరుకి అర్థం కాలేదు. పోయినసారి రాసుకున్న కాగితంలో అన్నీ సరిగ్గా ఉన్నాయి. "మళ్ళీ ఒకసారి చేద్దామండి. మాటలు మారుస్తాను" అని నాతో మెల్లిగా అని, నాన్న వైపు తిరిగి, "మాస్టారూ, నేను మీకు మూడు..." అన్నాడు.

"చెంబు, గొడుగు, నిమ్మకాయ" అన్నాడు నాన్న. అరచెయ్యి బల్ల మీద దబ్బున పడింది.

డాక్టరు కొత్త మాటలు ఇంకా చెప్పనే లేదు. నాన్న మార్కులు వేస్తారేమోనని మా ముగ్గురి మొహాలూ చూస్తున్నాడు. నేను అమ్మ వైపు చూశాను. ఆమె తలొంచుకుని పైటకొంగు వేలికి చుట్టుకుంటోంది. అప్పుడు నాకు అంతా తెలిసింది. ఆ మొదటి రోజు స్నానం చేసి వచ్చి ఆయన ప్రశ్నలు అప్పజెప్పి ఉంటాడు. అప్పటికి గుర్తున్న ప్రశ్నలు ఆయన చెప్పినవి, మరిచిపోయినవి నా దగ్గరే అమ్మ మాటల్లో పెట్టి లాగినవి. డాక్టరు ఏం అడిగాడే అంటే నేనే విసుక్కుంటూ చెప్పాను, గుర్తొచ్చింది. ఆ నెలంతా భోజనాల దగ్గర ఆ ప్రశ్నలే తిప్పి తిప్పి అడిగి ఉంటుంది. ఒకసారి తప్పినది రెండోసారి తప్పకూడదు కదా.

"అప్పుడే మందులు మొదలుపెట్టి ఉంటే..." అని డాక్టరు ఆగాడు. మంచి మనిషి కాబట్టి ఆగాడు. నేను వదల్లేదు, ఏమయ్యేదండీ అని అడిగాను. "ఇది ఆగే జబ్బు కాదండి. కాస్త నెమ్మదించేదేమో. కచ్చితంగా చెప్పలేం" అన్నాడు. క్రమంగా దగ్గరవాళ్ళ మొహాలు కూడా పోతాయనీ, తయారుగా ఉండమనీ చెప్పాడు.

నా కోపం సంగతి మా వీధికంతా తెలుసు. ఇంటికొచ్చి నాన్నని పడుకోబెట్టాక అమ్మని నిలబెట్టి కడిగేశాను. చదువుకున్నదానివి, పిల్లలకి పాఠాలు చెప్పినదానివి, రోగం పరీక్షకి కూడా ప్రాక్టీసు చేయిస్తారా ఎవరైనా అన్నాను. జ్వరం వస్తే థర్మామీటరుని చన్నీళ్ళలో ముంచేదానివా అన్నాను. అమ్మ అంతా విన్నది.

"ఆ రోజు ఆస్పత్రినించి వచ్చినప్పుడు ఆయన మొహం నువ్వు చూళ్ళేదే. మెట్లెక్కి పైకెళ్ళిపోయావు" అంది. "ఎన్నిసార్లు ఓడొచ్చారు, అలా ఎప్పుడూ లేరు. నాకివి రాలేదోయ్, మళ్ళీ అడుగుతారట, చెప్పించు అన్నారు. ఇన్నేళ్ళూ ఎక్కడికెళ్ళినా నేను చెప్పించే పంపాను. అప్పుడొక్కసారి ఊరికే ఎలా పంపనే?"

చాలా రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాను. అదంతా ఆమె మీద కోపమేనని నేననుకోను.

మందులు మొదలయ్యాయి. రోజులు ఒకదాని వెనక ఒకటి పోయాయి. డాక్టరు చెప్పిన మొహాల మాటకి అమ్మ ఒప్పుకోలేదు. "ఎవరిని మర్చిపోయినా నన్ను మర్చిపోరే. రోజూ అడిగేదాన్ని నేనే కదా" అనేది. నిజానికి మర్చిపోయాడో లేదో చెప్పడం కష్టం. పేరుపెట్టి పిలిచే అలవాటు ఉంటే ఒక రోజు ఆ పేరు రాక తెలిసిపోయేది. మా నాన్నకి ఉన్నది "ఏమోయ్" ఒక్కటే. దాని వెనక మనిషి ఉందో లేదో ఎవరు చూడొచ్చారు? అయితే ఒక పొద్దున కాఫీ ఇస్తుంటే ఆయన "ఏవండీ, కాస్త పంచదార వేస్తారా?" అన్నాడు. అమ్మ గ్లాసు పట్టుకుని ఒక్క క్షణం నిలబడిపోయింది. తర్వాత నాకేసి చూసి నవ్వి, "నన్ను వెక్కిరిస్తున్నారే" అంది. మర్నాడూ వెక్కిరించాడు. ఆ పైన "ఏమోయ్" మా ఇంట్లో వినపడలేదు. ఒకసారి వీధిలో ఎవరో ఎవరినో "ఏమోయ్" అని పిలిస్తే, అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేసింది.

ప్రశ్నలు మాత్రం మానలేదు. పాతవి అడిగితే ఆయన ఇంకా చెప్పేవాడు. చెప్తున్నంతసేపూ మామూలు మనిషిలాగే ఉండేవాడు. అమ్మ అడగని ప్రశ్న ఒకటే ఒకటి. అడుగుతుందేమోనని నేను భయపడేదాన్ని, ఆమె కూడా దాన్ని తప్పించుకుని తిరగడం నాకు తెలుస్తూనే ఉండేది.

పుట్టిన ఊరు చూస్తే కాస్త తేరుకుంటాడేమోనని ఒక ఆదివారం చర్చి అయ్యాక కలిదిండి వైపు తీసుకెళ్ళాం. ఆయన చిన్నప్పటి చేలన్నీ ఇప్పుడు చేపల చెరువులు. కాపలా పాక ముందు గట్టు మీద చాప పరుచుకుని కూర్చున్నాం. ఎదురుగా చెరువులో చేపలకి గాలి అందించే చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. నాన్న వాటినే చూస్తున్నాడు. అమ్మ క్యారేజీ విప్పి అన్నం పెట్టి, కొరమీను వేపుడు ముక్క ఆయన కంచంలో వేసింది. ముల్లు ఉందేమోనని తనే వేలితో నొక్కి చూసింది.

"ఏవండీ, కొల్లేటి నీళ్ళు సముద్రానికి ఏ దారిన పోతాయి?" అంది టీచరు గొంతుతో.

"ఉప్పుటేరు."

"ఆ గట్టు మీద వాలింది ఏం పక్షండి?"

"గూడబాతు."

"కలిదిండి ఏ జిల్లా?"

"కృష్ణా" అన్నాడు నాన్న.

"కరెక్టు" అంది అమ్మ.

ఆమె ముద్ద కలిపింది గాని నోట్లో పెట్టుకోలేదు. ఆయన తరవాతి ప్రశ్న కోసం ఆమె మొహంలోకి చూస్తూ ఎదురుచూస్తున్నాడు, నిటారుగా, శ్రద్ధగా. ఇన్నాళ్ళు తప్పించుకున్న మనిషి ఆ చూపుకి తట్టుకోలేకపోయిందనుకుంటాను.

"నేనెవరండీ?" అంది.

నాన్న ఎడమచెయ్యి చాప మీద కదిలింది, బజర్ వెతుక్కుంటున్నట్టు. ఆమె నుదురు చూశాడు, చెవులు చూశాడు, చేతుల గాజులు చూశాడు. చాలాసేపు ప్రయత్నించాడు. అబద్ధం చెప్పను, ఆ మనిషి చాలా ప్రయత్నించాడు. తర్వాత మర్యాదగా నవ్వాడు.

"పాస్" అన్నాడు.

అమ్మ ఏడవలేదు. పాస్ అయిన ప్రశ్నని మధ్యలో వదిలేయడం ఆమెకి తెలియదు. నా వైపు తిరిగింది. కళ్ళు నిండిపోయి ఉన్నాయి, గొంతు మాత్రం సరిగ్గానే ఉంది. "నీ సీటుకొచ్చిందే" అంది.

"మా అమ్మ" అన్నాను.

"కరెక్టు" అంది అమ్మ.

ఆ మాట వినగానే నాన్న తన కంచంలోంచి చేపముక్క తీశాడు. విరిగిపోకుండా రెండు వేళ్ళతో పట్టుకుని, వంగి, నా కంచంలో పెట్టాడు.

"బోనస్ మీదేనండి" అన్నాడు. "తీసుకోండి, మొహమాటపడకండి."